టర్బో బండికి గ్యాస్ కిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల టర్బో పెట్రోల్ కార్లకు ఎల్‌పీజీ కిట్ వేయించుకున్నవాళ్ళు నన్ను అడిగేవి ఏడాది పొడవునా ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కొండెక్కేటప్పుడు బండి దగ్గుతోందని ఒకరు, మొగిలి ఘాట్‌లో చెక్ లైటు వెలిగిందని ఇంకొకరు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం మాటలు అటూ ఇటూ అయిపోతున్నాయి. అందుకే కూర్చుని రాశాను. మీ బండికి ఏ తిప్పలు వచ్చాయో ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, మిగతావి చదవకపోయినా పర్లేదు.

ఒక్క మాట మాత్రం అందరికీ. బూస్ట్‌లో ఉన్నప్పుడు, అంటే టర్బో ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపుతున్నప్పుడు, గ్యాస్ చాలకపోతే ఆ ఇంజన్ పిస్టన్ కరిగిపోయే ప్రమాదం ఉంది. తడబడుతున్న బండిని "అదే సర్దుకుంటుందిలే" అని తొక్కకండి. స్విచ్ నొక్కి పెట్రోల్‌కు మార్చుకుని మెల్లగా ఇంటికి రండి.

## కిట్ వేయించే ముందు

మన బంకుల్లో పోసేది ప్రొపేనేనా? యూట్యూబ్‌లో వాళ్ళు చెప్పే సెట్టింగ్ మనకు పనికొస్తుందా?

మన ఆటో ఎల్‌పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. అమెరికాలో బండ్లకు పోసే ప్రొపేన్‌లో కనీసం 90 శాతం ప్రొపేనే. టర్బో బండికి ఈ తేడా చిన్నది కాదు. ప్రొపేన్ మోటార్ ఆక్టేన్ (నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) 97 దాకా ఉంటే బ్యూటేన్‌ది 90కి లోపే. బ్యూటేన్ ఎక్కువైన కొద్దీ నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని ఇంజన్ టక టక కొట్టుకోవడం) తొందరగా మొదలవుతుంది. అందుకని అక్కడివాళ్ళు చూపించే బూస్ట్, టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే వేళ) అంకెలు యథాతథంగా మన బండిలో పెట్టకండి. సూత్రం నేర్చుకోండి, అంకెలు మాత్రం మీ బండి మీదే తేల్చుకోండి.

ఇంటి సిలిండర్ డిక్కీలో పెట్టుకుని నడిపేవాళ్ళు ఉన్నారు కదన్నా, దాంట్లో తప్పేముంది?

చట్టప్రకారం నేరం, అది మొదటి సంగతి. రెండోది, బండి ట్యాంకు అడుగు నుంచి గ్యాస్‌ను ద్రవంగా తీసుకుంటుంది, రెడ్యూసర్ దాన్ని ఆవిరి చేస్తుంది. 14.2 కిలోల వంట సిలిండర్ పైనుంచి ఆవిరినే ఇస్తుంది. బూస్ట్‌కు సరిపడా ఆవిరి లాగితే సిలిండర్ తనంతట తానే చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గ్యాస్ చాలదు, ఇంజన్ పాడవుతుంది. అన్నిటికంటే మించి, బండి ట్యాంకుకుండే 80 శాతం దగ్గర నింపడం ఆపే వాల్వు, పైపు తెగితే మూసుకునే వాల్వు, లీకైన గ్యాస్‌ను బయటికి పంపే గొట్టం, ఇవేవీ ఆ సిలిండర్‌కు ఉండవు. అలాంటి బండిలో పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చిన ఒకాయనను నేను చూశాను. ఆ బండికి చెయ్యి పెట్టలేదు, సిలిండర్ తీసేదాకా ఆయన్ని కదలనివ్వనూ లేదు.

నాది డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో. మామూలు సీక్వెన్షియల్ కిట్ (ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ చల్లేది) సరిపోతుందా?

సరిపోదు. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఇంజెక్టర్ ముక్కు నేరుగా మంటలోనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది అందులోంచి పారే పెట్రోలే. పూర్తిగా గ్యాస్‌కు మార్చి పెట్రోల్ ఆపేస్తే ముక్కు మాడిపోతుంది. అందుకే ఈ ఇంజన్ల కోసం చేసిన కిట్లు గ్యాస్‌లో నడిచేటప్పుడూ కొంత పెట్రోల్ చల్లుతూనే ఉంటాయి. మీ ఇంజన్‌కు ఆమోదం ఉన్న కిట్ దొరికితేనే వేయించండి. పెట్రోల్‌ను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోకి, చల్లే టర్బో అయితే పని చాలా సులువు.

డీజిల్ టర్బోకు గ్యాస్ పెట్టొచ్చా?

డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు ఉండదు. ప్రొపేన్ తనంతట తాను అంటుకోవాలంటే 470 డిగ్రీల దాకా వేడి కావాలి, డీజిల్ అంతకంటే చాలా తక్కువకే అంటుకుంటుంది. కాబట్టి గ్యాస్ ఒక్కదానితో నడవాలంటే ప్లగ్గులు పెట్టాలి, కంప్రెషన్ దించాలి, ఒక రకంగా కొత్త ఇంజన్ కట్టినట్టే. గాలితో పాటు కొంచెం గ్యాస్ కలిపి డీజిల్‌తోనే అంటించే పద్ధతి ఒకటుంది. గ్యాస్ పాలు ఎక్కువైతే ఇంజన్ గట్టిగా కొట్టుకుని హెడ్ గాస్కెట్‌తో మొదలై పిస్టన్ దాకా పోతుంది. ఇంట్లో బండికి నేను వద్దంటాను.

కాగితాల పని ఏముంటుంది?

ఆమోదం ఉన్న కిట్, బిగించిన వాళ్ళ సర్టిఫికెట్, ఆర్‌సీలో ఇంధనం మార్పు. బీఎస్-6 పెట్రోల్ బండ్లకు కిట్ బిగించుకునే వీలు 2022లో వచ్చింది. ట్యాంకుకు ఐదేళ్ళకోసారి పరీక్ష తప్పదు. ఆర్‌సీలో మార్పు లేకుండా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర మీరే ఇరుక్కుంటారు.

## స్టార్టింగ్, ఐడ్లింగ్

గ్యాస్‌కు మారడానికి చాలాసేపు పడతా ఉంది. రేణిగుంట దాటితే గానీ మారదు.

కూలెంట్ వేడెక్కి రెడ్యూసర్ 30, 40 డిగ్రీలకు వచ్చాకే కంప్యూటర్ గ్యాస్ తెరుస్తుంది. మన ఊళ్ళో రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. అవడం లేదంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు, రెడ్యూసర్‌కు వేడినీళ్ళు అందకపోయి ఉండొచ్చు. రెడ్యూసర్ గొట్టాలు రెండూ చేత్తో పట్టుకుని చూడండి. ఒకటి కాలుతూ ఇంకొకటి చల్లగా ఉంటే నీళ్ళు తిరగడం లేదు. రెండూ కాలుతున్నా మారకపోతే టెంపరేచర్ సెన్సర్ చూడాలి.

బయట 42 డిగ్రీల ఎండ, రెడ్యూసర్ మీద మాత్రం తెల్లగా మంచు. ఇదేం వింత?

వింత కాదు. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడి కూలెంట్ నుంచి అందకపోతే రెడ్యూసర్ తన ఒంట్లో వేడినే ఇచ్చేసి గడ్డకడుతుంది. వంద కిలోవాట్ల ఇంజన్ పూర్తి బూస్ట్‌లో ఉంటే గ్యాస్‌ను ఆవిరి చేయడానికే ఇంట్లో గీజర్ తీసుకునేంత వేడి, రెండు మూడు కిలోవాట్లు కావాలి. ఐడ్లింగ్‌లో బాగుండి ఘాట్‌లో మంచు పట్టడం అందుకే.

మన జిల్లాలో దీనికి నేను ఎక్కువగా చూసే కారణం బోరు నీళ్ళు. కూలెంట్ తగ్గినప్పుడల్లా సీసాతో బోరు నీళ్ళు పోస్తారు. లోపల సున్నం పేరుకుంటుంది. ఒక రెడ్యూసర్ విప్పితే నీళ్ళు పోయే దారి అగ్గిపుల్ల దూరేంత మిగిలింది, గీకితే టీ గిన్నె అడుగున గార లేచినట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయండి. లెవెల్ సరిగ్గా ఉండి కూడా మంచు పడితే లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది. రెడ్యూసర్‌ను రేడియేటర్ మూత కంటే ఎత్తులో బిగించిన బండ్లలో ఇది మామూలే. కిందికి దించి బిగించమనండి.

సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ ఎక్కుతా దిగుతా ఉంది, పెట్రోల్‌లో నిలకడగా ఉంది.

గ్యాస్ ఇంజెక్టర్లలో ఒకటి అంటుకుపోయి ఉంటుంది, లేదంటే రెడ్యూసర్ డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) గట్టిపడి ఉంటుంది. ఎల్‌పీజీలో కొద్దిగా నూనె లాంటి జిడ్డు ఉంటుంది. అది రెడ్యూసర్ అడుగున నల్లగా చేరుతుంది, కొంత ఇంజెక్టర్లలోకీ పోతుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, గ్యాస్ మూసి, రెడ్యూసర్ అడుగున ఉన్న డ్రెయిన్ విప్పితే ఆ జిడ్డు దిగిపోతుంది. అప్పటికీ సర్దుకోకపోతే ఇంజెక్టర్లు బయటికి తీసి ఒక్కొక్కటి ఎంత గ్యాస్ వదులుతోందో పోల్చి చూడాలి.

## బూస్ట్‌లో, ఘాట్ రోడ్డు మీద

కొండెక్కేటప్పుడు బండి దగ్గుతా ఉందన్నా. పెట్రోల్‌లో ఏ తేడా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అలిపిరి దాటి ఎత్తు మొదలయ్యాక టర్బో ఇంజన్ చాలాసేపు బూస్ట్‌లోనే ఉంటుంది. ఊళ్ళో కనిపించని రోగం అక్కడ బయటపడుతుంది. పెట్రోల్‌లో బాగుంది కాబట్టి ప్లగ్గులు బాగున్నట్టే అనుకోకండి. గ్యాస్ కలిసిన గాలిలో నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ ఓల్టేజ్ కావాలి, బూస్ట్‌లో ఇంకా ఎక్కువ. పెట్రోల్‌లో అంతంత మాత్రంగా నెట్టుకొచ్చే కాయిల్ గ్యాస్‌లో చేతులెత్తేస్తుంది. కాబట్టి ముందు ప్లగ్గులు, కాయిల్స్. ఆ తర్వాత గ్యాస్ ఫిల్టర్లు, రెండూ: ద్రవం వైపుది, ఆవిరి వైపుది.

మూడోది రిఫరెన్స్ గొట్టం. మానిఫోల్డ్ నుంచి రెడ్యూసర్‌కు వచ్చే సన్నటి రబ్బరు గొట్టం అది. గ్యాస్ ప్రెషర్ మానిఫోల్డ్‌లో ఉన్నదాని కంటే ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర బార్ పైన ఉండాలి. బూస్ట్ పెరిగితే గ్యాస్ ప్రెషరూ అంతే పెరగాలి. ఆ కబురు రెడ్యూసర్‌కు మోసేది ఈ గొట్టమే.

బెంగళూరు ట్రిప్పులు కొట్టే టాక్సీ ఒకటి మూడు చోట్ల తిరిగి నా దగ్గరికి వచ్చింది. మొగిలి ఘాట్ మొదలవగానే దగ్గు, పలమనేరు చేరాక మామూలే. ల్యాప్‌టాప్ పెడితే అన్నీ సరిగ్గానే చూపిస్తోంది. గొట్టం చూస్తే బాగానే ఉంది. మానిఫోల్డ్ దగ్గర దాని మొన పట్టుకుని వేలితో వంచితే అప్పుడు నోరు తెరిచింది, గోరంత చీలిక. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ ఆ చీలికను లోపలికి లాగి మూసేస్తుంది, బూస్ట్ రాగానే అది తెరుచుకుని గాలి బయటికి పోతుంది. ప్రెషర్ సెన్సర్ కూడా అదే గొట్టం మీద ఉంది కాబట్టి కంప్యూటర్‌కూ అదే తప్పుడు కబురు అందింది. లెక్క ప్రకారం అంతా బాగుంది, సిలిండర్‌లో మాత్రం గ్యాస్ చాలడం లేదు. కొత్త గొట్టం వేసి రెండు వైపులా క్లిప్పులు బిగిస్తే దగ్గు పోయింది. మీరే చూసుకోవాలంటే, ఇంజన్ గ్యాస్‌లో ఐడ్లింగ్‌లో ఉండగా గొట్టాన్ని మానిఫోల్డ్ దగ్గర ఊడదీసి, మానిఫోల్డ్ వైపు రంధ్రం మూసి, గొట్టానికి గేజ్ ఉన్న చేతిపంపుతో అర బార్ ఎక్కించండి. పంపు ముల్లు నిలబడాలి. రెడ్యూసర్ నుంచి వచ్చే గ్యాస్ ప్రెషర్ కూడా ఆ మేరకు పెరగాలి.

దగ్గుతోందని చెబితే మ్యాప్‌లో (ఎప్పుడు ఎంత గ్యాస్ ఇవ్వాలో కంప్యూటర్‌లో ఉండే పట్టిక) గ్యాస్ పెంచి ఇచ్చారు. ఇప్పుడు బాగుంది. ఇక చాలు కదా?

చాలదు. ఈ విషయంలో నాకు బాధ కూడా ఉంది, ఎందుకంటే చెడిపోయిన ఇంజన్లలో చాలా వాటి కథ ఇలాగే మొదలైంది. మూసుకుపోయిన ఫిల్టరు, చీలిన గొట్టం, అలసిన రెడ్యూసర్, వీటిలో ఏదో ఒకటి గ్యాస్‌ను తగ్గిస్తోంది. దాన్ని వదిలేసి మ్యాప్‌లో పెంచితే ఇవాళ్టికి సరిపోతుంది. నెల తర్వాత ఫిల్టరు ఇంకాస్త మూసుకుంటే మళ్ళీ లీన్, అంటే గ్యాస్ తక్కువ. ఆ మధ్యలో ఎవరో ఫిల్టరు మార్చేస్తే ఒక్కసారిగా రిచ్, అంటే గ్యాస్ ఎక్కువ. వస్తువులన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ల్యాప్‌టాప్ తెరవమని అడగండి. మ్యాప్ సరిగ్గా ఉందో లేదో తెలియడానికి ఒక గుర్తు ఉంది. ఒకే స్పీడు, ఒకే లోడులో పెట్రోల్ నుంచి గ్యాస్‌కు మార్చినప్పుడు పెట్రోల్ ఇంజెక్షన్ టైమ్ అంకె మారకూడదు.

4,500 ఆర్‌పీఎం దాటాక చచ్చిపోతా ఉంది. అంతకు ముందు సూపర్.

గ్యాస్ ఇంజెక్టర్ల సైజు చాలక పోయి ఉండొచ్చు. 5,000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్‌కు దక్కే మొత్తం సమయం 24 మిల్లీసెకన్లు, 6,000 దగ్గర 20. గ్యాస్ ఇంజెక్షన్ టైమ్ ఆ అంకెను తాకిందంటే ఇంజెక్టర్ మూసుకోవడమే లేదు, అంతకంటే ఇవ్వడం దాని చేత కాదు. పెద్ద నాజిల్ వేయాలి. ఇంజెక్షన్ టైమ్ తక్కువే ఉండి గ్యాస్ ప్రెషర్ 1.2 బార్ నుంచి 0.8కి జారుతుంటే తప్పు వెనక ఉంది. ఫిల్టరు కావచ్చు, ఇంజన్ పవర్‌కు చాలని రెడ్యూసర్ కావచ్చు, 8 మి.మీ. పైపు వేయాల్సిన చోట 6 మి.మీ. వేసి ఉండొచ్చు.

లారీని దాటుదామని తొక్కితే టప్పున గ్యాస్ ఆగిపోయి పెట్రోల్‌కు పోతుంది. కాసేపాగితే మళ్ళీ వస్తుంది.

ట్యాంకు మల్టీవాల్వులో (ట్యాంకు మీదుండే వాల్వుల గుత్తి) పైపు తెగినప్పుడు మూసుకునే ఒక రక్షణ వాల్వు ఉంటుంది. గ్యాస్ ఒక్కసారిగా జోరుగా లాగితే పైపు తెగిందనుకుని మూసుకుంటుంది. ప్రెషర్ సమానమయ్యాక తెరుచుకుంటుంది. ఆ వాల్వును తీసేయమని మాత్రం ఎవరినీ అడగకండి, మీ ప్రాణం కాపాడేది అదే. మీ ఇంజన్ పవర్‌కు తగిన మల్టీవాల్వు వేయించండి.

ప్లగ్గు గ్యాప్ ఎంత పెట్టాలి?

టర్బో గ్యాస్‌కు నేను 0.6 నుంచి 0.7 మి.మీ. మధ్య పెడతాను. వేడి గ్రేడు కంపెనీ చెప్పినదాని కంటే ఒక మెట్టు చల్లనిది. చీకట్లో బానెట్ ఎత్తి కాయిల్స్, వైర్ల మీద నీళ్ళ తుంపర కొట్టి చూడండి. నీలి మిణుగురులు కనిపిస్తే ఇన్సులేషన్ పోయినట్టే.

గాలి, ఇంధనం పాళ్ళు చూపే గేజ్‌లో 14.7 చూపిస్తోంది. గ్యాస్‌కు 15.6 ఉండాలంటారు కదా?

ప్రొపేన్‌కు సరైన పాళ్ళు 15.6 అన్నది నిజమే. కానీ గేజ్ లోపల కొలిచేది లాంబ్డాను, అంటే కావలసిన గాలికి ఎన్ని రెట్లు గాలి ఉందో. దాన్ని పెట్రోల్ లెక్కలోకి మార్చి 14.7 అని చూపిస్తుంది. ఇంధనం ఏదైనా లాంబ్డా 1 అంటే సరిసమానం. గేజ్‌ను లాంబ్డాకు మార్చుకోండి, గందరగోళం పోతుంది. పూర్తి బూస్ట్‌లో 0.85, 0.9 మధ్య ఉండాలి. 1 దాటితే కాలు తీసేయండి. కంపెనీ ఇచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ 1 దగ్గర తప్ప మిగతా చోట్ల నమ్మదగిన అంకె ఇవ్వదు.

పాత కిట్, మిక్సర్ టైపు. ఠప్‌మని పేలి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలింది.

మిక్సర్ పద్ధతిలో ఇన్‌టేక్ పైపులన్నీ అంటుకునే మిశ్రమంతో నిండి ఉంటాయి. మిక్సర్ టర్బోకు ముందుంటే టర్బో, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) కూడా. ప్లగ్గు ఒక్కసారి మిస్ అయినా, మిశ్రమం లీన్ అయినా మంట వెనక్కి తంతుంది. ప్లగ్గులు, టైమింగ్ సరిచేయించండి. ఆ తర్వాత డబ్బు కూడబెట్టుకుని సీక్వెన్షియల్‌కు మారండి. టర్బోకు మిక్సర్ కిట్‌ను నేను సిఫారసు చేయను.

## వేడి, ఇంజన్ లోపలి సంగతులు

కూలెంట్ డబ్బాలో బుడగలు వస్తున్నాయి. హెడ్ గాస్కెట్ పోయిందని, ఇరవై వేలు అవుతుందని చెప్పారు.

హెడ్ విప్పకముందు ఒక పరీక్ష చేయండి. ట్యాంకు వాల్వు చేత్తో మూసేసి, లైన్‌లో గ్యాస్ అయిపోయాక పెట్రోల్‌లో పది కిలోమీటర్లు నడపండి. బుడగలు ఆగిపోతే అనుమానం రెడ్యూసర్ మీద. లోపల సీలు పోయి గ్యాస్ నీళ్ళలోకి దూరుతోంది. డబ్బా మూత తీస్తే గ్యాస్ వాసన కూడా వస్తుంది (ఇంజన్ చల్లారాకే తీయండి). పెట్రోల్‌లోనూ బుడగలు వస్తే అప్పుడు గాస్కెట్ గురించి ఆలోచించండి. రెడ్యూసర్ రిపేర్ కిట్‌తో పోయేదానికి హెడ్ విప్పించుకున్న బండ్లు ఉన్నాయి.

గ్యాస్‌లో నాకింగ్ రాదంటారు. నాకు మొగిలి ఘాట్‌లో టక టక వినిపిస్తోంది.

పెట్రోల్ కంటే తక్కువే గానీ రాకుండా ఉండదు. మే నెల మధ్యాహ్నం వేడి గాలి, బురద పట్టిన ఇంటర్‌కూలర్, లీన్ మిశ్రమం, ఎక్కువ గేర్‌లో తక్కువ ఆర్‌పీఎం, ఈ నాలుగూ కలిస్తే వస్తుంది. వెంటనే గేర్ తగ్గించి కాలు వదులు చేయండి. ఇంటర్‌కూలర్ కడిగించి, లాంబ్డా చూపించండి. గ్యాస్ కోసం టైమింగ్ ముందుకు జరిపే పరికరం వేసి ఉంటే అది బూస్ట్‌లో పని చేయకుండా సెట్ చేయించాలి.

వాల్వు సీట్లు దిగిపోతాయంటారు, నిజమేనా? ఎలా తెలుసుకోవాలి?

కొన్ని ఇంజన్లలో నిజమే. గ్యాస్ పొడిగా వస్తుంది, సీటు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే రింగు) మీద పెట్రోల్ తడి ఉండదు. సీటు లోహం మెత్తనిదైతే, ముఖ్యంగా లీన్‌గా నడిస్తే, ఎగ్జాస్ట్ వాల్వు మెల్లగా లోపలికి దిగుతుంది. సీటు అరిగే కొద్దీ టాపెట్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఖాళీ) తగ్గుతుంది. చప్పుడు పెరగదు, తగ్గుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. కిట్ వేసిన 10 వేల కిలోమీటర్లకు సందు ఒకసారి కొలిపించి రాసి పెట్టుకోండి, ఆ తర్వాత 20 వేలకోసారి. హైడ్రాలిక్ టాపెట్లైతే కొలవడానికి సందే ఉండదు కాబట్టి కంప్రెషన్ పరీక్ష చేయించాలి. పొద్దున చల్లని ఇంజన్ ఒక సిలిండర్ మిస్ కొట్టి కాసేపటికి సర్దుకుంటోందంటే ఆలస్యం చేయకండి.

గ్యాస్‌లో ఆయిల్ నల్లబడదు కదా, ఇంకో ఐదు వేలు నడపొచ్చా?

వద్దు. మసి లేదు కాబట్టి రంగు మారదు, అంతే. టర్బో షాఫ్ట్ దగ్గర వేడికి ఆయిల్ సత్తువ అలాగే పోతుంది.

## వాసన, లీకు

డిక్కీ దగ్గర గ్యాస్ వాసన వస్తోంది. ఏం చేయాలి?

ఇంజన్ ఆపండి. ట్యాంకు వాల్వు చేత్తో మూసేయండి. తలుపులన్నీ తెరిచి బండిని చేతులతో ఆరుబయటకు నెట్టండి. లైటు స్విచ్ వేయొద్దు, ఫోన్ దగ్గరికి తేవద్దు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. పైకి పోదు, నేల మీద పాకి గుంటలో చేరుతుంది. అందుకే గ్యాస్ బండిని సర్వీసు పిట్ మీద నిలబెట్టడానికి నేను ఒప్పుకోను. సెల్లార్ పార్కింగ్‌లోనూ జాగ్రత్త. లీకు ఎక్కడో వెతకడానికి సబ్బు నురగ చాలు, జాయింట్ల మీద బ్రష్షుతో రాయండి. అగ్గిపుల్లతో వెతికినవాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు.

60 లీటర్ల ట్యాంకులో 48కే కట్ అవుతోంది. బంకువాళ్ళు మోసం చేస్తున్నారా?

లేదు, అది సరైన లెక్క. 80 శాతం దగ్గర వాల్వు మూసుకుంటుంది. ఎండలో ద్రవం వ్యాకోచించడానికి పైన ఖాళీ ఉండాలి. 48 దాటి 55 పడుతోందంటే వాల్వు చెడినట్టు, అప్పుడే భయపడాలి.

## మైలేజీ, సర్వీసు

లీటరుకు పెట్రోల్‌లో వచ్చినంత రావడం లేదు. కిట్ తప్పా?

లీటరు గ్యాస్ లీటరు పెట్రోల్ కంటే తేలిక, అందులో శక్తి కూడా ఆ మేరకు తక్కువ. పెట్రోల్‌లో 15 వచ్చే బండి గ్యాస్‌లో 12 ఇస్తే బాగున్నట్టే. 9, 10కి పడిపోతే డయాఫ్రం చూపించండి. అది చిల్లుపడితే గ్యాస్ రిఫరెన్స్ గొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి దొంగతనంగా పోతుంది. ఆ గొట్టాన్ని మానిఫోల్డ్ వైపు ఊడదీసి, ఇంజన్ గ్యాస్‌లో ఉండగా దాని మొనకు సబ్బు నురగ పెట్టండి. బుడగ ఉబ్బితే డయాఫ్రం మార్చాల్సిందే.

సర్వీసులో ఏమేం మార్చమని అడగాలి?

రెండు గ్యాస్ ఫిల్టర్లు 10 నుంచి 15 వేల కిలోమీటర్లకు. రిఫరెన్స్ గొట్టం రెండేళ్ళకోసారి, బాగున్నట్టు కనిపించినా సరే. మన ఎండకు రబ్బరు ఆగదు, దాని ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు. రెడ్యూసర్ జిడ్డు ప్రతి సర్వీసులో దించాలి. నెలకు ఒకటి రెండుసార్లు పెట్రోల్‌లో ఇరవై కిలోమీటర్లు నడపండి. లేకపోతే పెట్రోల్ పాతబడి ఇంజెక్టర్లు పట్టేస్తాయి, గ్యాస్ అయిపోయిన రోజు బాకరాపేట ఘాట్ మధ్యలో బండి నిలబడిపోతుంది.